క్రిబ్‌కి పక్కబట్టలు మనమే కుట్టుకుంటే

పసిబిడ్డని పడుకోబెట్టే చువ్వల మంచాన్నే క్రిబ్ అంటారు. ఆన్‌లైన్‌లో క్రిబ్ బెడ్డింగ్ సెట్ అని వెతికితే ఏడెనిమిది ముక్కల సెట్లు వరసగా కనిపిస్తాయి. షీటు, తలదిండు, రెండు పక్కలా పెట్టే బుల్లి బోల్‌స్టర్లు, చువ్వల చుట్టూ కట్టే మెత్తటి బంపరు, పైన కప్పే రజాయి, దానికి మ్యాచింగ్‌గా ఓ బొమ్మ దిండు. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లకి ఇవి చూడగానే చేతులు ఊరుకోవు, ఇంత పోసి కొనడమెందుకు, మనమే కుట్టేద్దాం అనిపిస్తుంది. కుట్టండి. కానీ గుడ్డ కొనకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. బిడ్డ పడుకున్నప్పుడు క్రిబ్‌లో ఉండాల్సింది గట్టి పరుపు, దానికి బిగుతుగా పట్టిన షీటు, అంతే. దిండు, బంపరు, రజాయి, బొమ్మలు ఏవీ ఉండకూడదు.

ఇది నా సొంత చాదస్తమేమీ కాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో సవరించిన సూచనల్లో కూడా ఇదే చెప్పింది. మొదటి ఏడాది బిడ్డని వెల్లకిలా, చదునైన గట్టి పరుపు మీద, చుట్టూ మెత్తటి వస్తువులేమీ లేకుండా పడుకోబెట్టాలి. అదే ఏడాది అక్కడ మెత్తటి బంపర్ల అమ్మకాన్నే చట్టం చేసి ఆపేశారు. నెలల పిల్లలు మెత్తటిదాంట్లో ముఖం కూరుకుపోతే పక్కకి తిప్పుకోలేరు, గట్టిగా ఏడవనూ లేరు, భయమంతా అక్కడే. మన దగ్గర మాత్రం సెట్లలో బంపరు ఇంకా పెట్టి అమ్ముతూనే ఉన్నారు. మేమంతా ఆవాల దిండు మీద పెరిగినవాళ్లమే కదా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, నిజమే, కానీ అప్పుడు బాలింత పక్కన రాత్రంతా ఎవరో ఒకరు లేచి చూసుకునేవాళ్లు ఉండేవారు. తల గుండ్రంగా రావాలనే బెంగ ఉంటే బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని కాసేపు బోర్లా పడుకోబెట్టండి, నిద్రలో తల రోజుకో వైపు ఉండేలా చూడండి. దానికి దిండుతో పని లేదు.

కాబట్టి కుట్టాల్సిన జాబితా చాలా చిన్నది. పరుపుకి షీట్లు మూడు, వానాకాలం పురుడైతే నాలుగు. పొత్తిగుడ్డలు కొన్ని. నేల మీద పరవడానికి ఒక బొంత. మీ కుట్టుపని సరదా అంతా ఆ బొంత మీద తీర్చుకోవచ్చు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గుడ్డ సంగతి

షీట్‌కి నూరు శాతం కాటన్, దగ్గర నేత ఉన్నది తీసుకోండి. పాప్లిన్ బాగుంటుంది, కేంబ్రిక్ ఇంకా మెత్తగా ఉంటుంది. మల్‌మల్ చేతికి హాయిగానే ఉంటుంది కానీ షీట్‌కి పనికిరాదు, ఎలాస్టిక్ లాగుడికి మూలల్లో పోగులు జరిగిపోతాయి, దాన్ని పొత్తిగుడ్డలకి ఉంచుకోండి. బనియన్ గుడ్డతో షీటు చక్కగా పడుతుంది కానీ మామూలు సూదితో కుడితే కుట్లు తప్పిపోతూ ఉంటాయి, హోజరీ సూది, జిగ్‌జాగ్ ఉన్న మిషన్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి. విజయవాడ వాళ్లకి వస్త్రలత, హైదరాబాద్ వాళ్లకి జనరల్ బజార్, సుల్తాన్ బజార్ ఉన్నాయి, తాన్లలోంచి మీటర్ల లెక్కన కోసి ఇచ్చే కొట్లలో కొంటే ఆన్‌లైన్ ధర చూసి నవ్వొస్తుంది. పైగా గుడ్డని చేత్తో పట్టుకుని, వెలుతురుకి ఎత్తి నేత చూసుకోవచ్చు.

కలంకారీ షీటు కుట్టాలని చాలామందికి ఉంటుంది. పెడన అద్దకం చూస్తే ఎవరికైనా ఉంటుంది. కానీ ముదురు రంగు అద్దకాలు మొదటి ఉతుకుల్లో రంగు వదులుతాయి, బిడ్డేమో మొహం కింద ఏది దొరికితే అది చప్పరిస్తుంది. తెల్ల గుడ్డ తడిపి కొత్త గుడ్డ మీద గట్టిగా రుద్ది చూడండి, తెల్లదానికి రంగు అంటితే ఆ గుడ్డ షీట్‌కి వద్దు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందనే మాట మీద నమ్మకం పెట్టుకోకండి, అద్దకం వేసేశాక ఇంట్లో ఉప్పు చేసేదేమీ ఉండదు. ఆ కలంకారీని బొంతకి అడుగు వైపు వేయండి, లేదా గోడకి తగిలించండి.

కోయకముందు ఉతకడం మాత్రం మానకండి. కొత్త కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, గంజి కూడా పోవాలి. వేడి నీళ్లలో నానబెట్టి, మామూలు సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే టేపు పట్టండి. ఉతక్కుండా కుట్టిన షీటు రెండో వారానికల్లా పరుపుకి ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే మూల నుంచి ఊడి వస్తుంది, అలా ఊడే షీటు బిడ్డ మొహం మీదికి వస్తుంది. అన్నట్టు, పుట్టకముందే కొత్తబట్టలు సిద్ధం చేయకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వాళ్లతో గొడవ పడక్కర్లేదు, గుడ్డ ఉతికి కొలతలు రాసి మడిచి పెట్టుకుంటే పురుడయ్యాక ఇంట్లో ఎవరైనా ఒక పూటలో కుట్టేస్తారు.

కొలతలు

మన దగ్గర అమ్మే క్రిబ్ పరుపులు ఎక్కువగా 48 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉంటాయి, ఎత్తు నాలుగు దాకా. కానీ కంపెనీకో కొలత ఉంటుంది, అట్ట మీద రాసినదాన్ని నమ్మకుండా పరుపునే కొలవండి. అమెరికాలో కూతురికో కోడలికో కుట్టి పట్టుకెళ్లేవాళ్లకి పని సులువు. అక్కడ పెద్ద సైజు క్రిబ్‌కి కొలత స్థిరంగా ఉంటుంది, పరుపు ఇంచుమించు 52కి 28, ఎత్తు 6 అంగుళాలు దాటదు. మినీ క్రిబ్ అని ఇంకోటుంది, అది వేరు, కాబట్టి ఏది కొన్నారో ఫోన్‌లో అడిగి, ఎత్తు కూడా కొలిచి చెప్పమనండి. కొలిచే పనిలో ఉండగానే పరుపుకీ చువ్వలకీ మధ్య సందు చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ పడితే పరుపు ఆ క్రిబ్‌ది కాదు, షీటు ఎంత బాగా కుట్టినా లాభం లేదు, ముందు పరుపు మార్చాలి. ఆ సందులో బొంతో దుప్పటో కుక్కే ఆలోచన అస్సలు చేయకండి.

లెక్క ఇలా వేసుకోండి. పరుపు ఎత్తుకి 3 అంగుళాలు కలపండి. ఆ 3లో ఒక అంగుళం ఎలాస్టిక్ మడతకి, మిగతా రెండు పరుపు అడుగుకి మడవడానికి. నాలుగంగుళాల పరుపైతే 7 వస్తుంది. పొడవుకి రెండు వైపులా 7 చొప్పున, వెడల్పుకీ అంతే, అంటే 48కి 14 కలిపితే 62, 24కి 14 కలిపితే 38. గుడ్డ 62కి 38 కావాలి. 44 పన్నాలో, అంటే 44 అంగుళాల వెడల్పున్న గుడ్డలో, ఒకటి ముప్పావు మీటరు కొంటే ఉతికాక కుంచించుకుపోయినా సరిపోతుంది.

అమెరికా పరుపు 6 అంగుళాల ఎత్తుంటే ఇదే లెక్కన 70కి 46 అవుతుంది, 44 పన్నా చాలదు. 58 పన్నా గుడ్డ రెండు మీటర్లు తీసుకోండి. చాలకపోతే మధ్యలో అతుకు వేద్దాం అనుకునేవాళ్లకి, వద్దు, అతుకు సరిగ్గా బిడ్డ వీపు కిందికి వస్తుంది.

ఇప్పుడు నాలుగు మూలల్లో చదరంగా ముక్క కోసి తీసేయాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. లెక్కలో 7 వచ్చింది కదా అని మూలలో 7 కోస్తే, కుట్టులోకి పోయే గుడ్డ వల్ల షీటు పొట్టిదైపోతుంది. అరంగుళం తగ్గించి ఆరున్నర అంగుళాల చదరం కోయండి, ఆ అరంగుళం కుట్టులోకి వెళ్లి షీటు సరిగ్గా 48, 24కి వస్తుంది. గుడ్డని నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడిచి, అంచులు కలిపి గుండుసూదులు గుచ్చి ఒకేసారి కోస్తే నాలుగు మూలలూ ఒకేలా వస్తాయి. ఒక పాత పేపరు మీద ఆరున్నర చదరం గీసి కత్తిరించి ఉంచుకుంటే మిగతా షీట్లకీ అదే అచ్చు.

కుట్టడం

మిషన్‌లో 14 నంబరు సూది, స్పన్ పాలియెస్టర్ దారం పెట్టండి. కుట్టు పొడవు 2.5 దగ్గర ఉంచండి.

మూల ముందు కుట్టాలి. చదరం కోసిన చోట రెండు అంచులు ఎదురెదురుగా వస్తాయి, వాటిని కలపాలి. ఒక్క కుట్టు వేసి వదిలేస్తే ఉతికేకొద్దీ పోగులు వస్తాయి, ఆ పోగులు చంటిపిల్లల వేళ్లకి చుట్టుకుంటాయి, అందుకని కోసిన అంచు కుట్టు లోపలే దాగిపోయే ఫ్రెంచ్ సీమ్ వేద్దాం. మంచివైపు బయటికి ఉండేలా అంచులు కలిపి పావు అంగుళం దూరంలో ఒక కుట్టు వేయండి. మిగిలిన అంచుని సగానికి కత్తిరించండి. గుడ్డ తిరగేసి మంచివైపులు లోపలికి వచ్చేలా పెట్టి, కుట్టుని గోటితో సాపు చేసి, మళ్లీ పావు అంగుళంలో రెండో కుట్టు. మొదట్లోనూ చివర్లోనూ మూడు నాలుగు కుట్లు వెనక్కి ముందుకి వేసి బిగించండి. ఓవర్‌లాక్ మిషన్ ఉన్నవాళ్లకి, లేదా పక్క వీధిలో పీకో చేసే కొట్టు ఉన్నవాళ్లకి, అరంగుళంలో కుట్టేసి అంచు ఓవర్‌లాక్ చేయించినా చాలు.

నాలుగు మూలలూ అయ్యాక ఇది లోతు తక్కువ పెట్టెలా నిలబడుతుంది. ఎలాస్టిక్ వేయకముందే ఒకసారి పరుపుకి తొడిగి చూడండి. వదులుగా ఉంటే మూల కుట్టు ఇంకొంచెం లోపలికి వేయండి, విప్పే పని ఉండదు. ఈ తొడిగి చూడడం దాటేసి ఎలాస్టిక్ కూడా ఎక్కించేశాక వదులు తెలిస్తే మొత్తం విప్పుకోవాలి, అప్పుడొచ్చే విసుగు మామూలుది కాదు.

అంచు చుట్టూ ముందు పావు అంగుళం, ఆ తర్వాత ముప్పావు అంగుళం మడిచి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ చేస్తే గుండుసూదుల అవసరం సగం తగ్గిపోతుంది. మడత అంచుని అంటుకుని చుట్టూ కుట్టుకుంటూ వచ్చి, చివర్లో రెండంగుళాల సందు వదలండి. ఎలాస్టిక్ పావు అంగుళం కంటే కాస్త వెడల్పు ఉన్నది, గట్టిది కావాలి. షీటు చుట్టుకొలత 144 అంగుళాలు, దానికి 85 నుంచి 90 అంగుళాల ఎలాస్టిక్ సరిపోతుంది, అమెరికా సైజుకి 95 నుంచి 100. కొందరు మూలల్లో మాత్రమే ఎలాస్టిక్ వేసి ఊరుకుంటారు, ఎలాస్టిక్ ఆదా అవుతుందేమో గానీ మధ్యలో అంచు జారి పైకి వస్తుంది. చుట్టూ వేయండి.

ఎలాస్టిక్ ఒక చివరని పిన్నీసుకి గుచ్చి మడతలోకి దూర్చి లాక్కుంటూ రండి, రెండో చివరని ఇంకో పిన్నీసుతో గుడ్డకే గుచ్చి ఉంచండి, లేకపోతే అది కూడా లోపలికి వెళ్లిపోతుంది, అందరికీ జరిగేదే. చివరలు రెండూ కలిశాక మెలి పడలేదని చూసుకుని, ఒకదాని మీద ఒకటి అంగుళం మేర పెట్టి, చదరంగా నాలుగైదు సార్లు కుట్టండి. గట్టిగా లాగి చూడండి. వదిలిన సందు మూసేయండి. కుచ్చు అంతా సమంగా సర్ది, ప్రతి మూల దగ్గరా ఎలాస్టిక్ మీదుగా నిలువుగా ఒక చిన్న కుట్టు వేస్తే అది లోపల దొర్లదు. రాత్రి రెండింటికి చీకట్లో షీటు మార్చేటప్పుడు పొడుగు వైపు ఏదో తెలియక తిప్పలు పడతాం కాబట్టి, పొడుగు అంచు మడతలో వేరే రంగు గుడ్డ ముక్క చిన్నది ఇరికించి కుట్టెయ్యండి.

తొడిగాక పరీక్ష ఏమిటంటే, పైన అరచేత్తో తోస్తే గుడ్డ ముడతలుగా పోగవకూడదు, మూల పట్టుకుని పైకి లాగితే సులువుగా ఊడి రాకూడదు. పరుపు మూలలు పైకి వంగేంత బిగువు కూడా వద్దు. ప్రతి ఉతుకు తర్వాతా ఇది చూసుకోండి, ఎలాస్టిక్ చచ్చిన రోజున ఆ షీటుని తుడుచుకునే గుడ్డ చేసేయండి. లేసులు, రిబ్బన్ పువ్వులు, బొత్తాలు, పూసలు, జరీ, అద్దాలు ఏవీ షీటు మీద వద్దు.

పరుపు తడవకుండా అడుగున వేసేది ఒకటి కావాలి. రబ్బరు షీటు ముక్క ఊరికే పరిస్తే జరిగిపోతుంది. వాటర్‌ప్రూఫ్ లైనింగ్ ఉన్న టర్కీ టవల్ గుడ్డ మీటర్లలో దొరికితే ఇదే అచ్చుతో, మూల చదరం మాత్రం కాస్త చిన్నగా కోసి కుట్టి షీటు కింద తొడగండి. దానికి గుండుసూదులు గుచ్చొద్దు, గుచ్చిన ప్రతి చోటా నీళ్లు దిగుతాయి, బట్టల క్లిప్పులు పెట్టుకుని కుట్టండి.

పొత్తిగుడ్డలు

ఇది చాలా సులువైన పని. ఇంట్లో ఏళ్ల తరబడి కట్టి కట్టి మెత్తబడిన నేత చీర ఒకటి తీయండి. అయిదున్నర మీటర్ల చీరలో పైట చెంగు, జరీ అంచులు తీసేసినా దాదాపు గజం చదరం ముక్కలు నాలుగైదు సులువుగా వస్తాయి. జరీ కొంచెం కూడా మిగలకుండా తీయండి, పాత జరీ తీగలు లేచి గీరుకుంటాయి. చిరుగు మొదలైన చీర వద్దు, వెలుతురుకి పట్టి చూస్తే పలచబడిన చోట్లు కనిపిస్తాయి. కొత్త మల్‌మల్ అయితే 44 పన్నాలో 44 అంగుళాలు కోస్తే ఒక చదరం. అంచు రెండు సన్న మడతలు వేసి 11 నంబరు సూదితో కుట్టేయండి, లేదా పీకోకి ఇచ్చేయండి.

చుట్టడం గురించి రెండు ముక్కలు. ఛాతీ దగ్గర మీ చెయ్యి దూరేంత వదులు, తుంటి దగ్గర కాళ్లు మడిచి కదిలించుకునేంత వదులు ఉండాలి. చుట్టిన బిడ్డని వెల్లకిలానే పడుకోబెట్టాలి. దొర్లే ప్రయత్నం మొదలెట్టిన రోజు నుంచి చుట్టడం మానేయాలి, అది చాలామందిలో మూడు నాలుగు నెలలకే వస్తుంది. ఏసీ గదిలో చలి అనిపిస్తే దుప్పటి కప్పకుండా ఇంకో పొర చొక్కా తొడగండి. మన ఎండాకాలానికి ఒక్క పొర కూడా ఎక్కువే.

బొంత

ఇక బొంత. దీన్ని క్రిబ్‌లో వేయం. నేల మీద చాప పరిచి దాని మీద వేయడానికి, బోర్లా పడుకుని ఆడుకోవడానికి, ఒళ్లో వేసుకోవడానికి, రైలు ప్రయాణంలో మన కళ్ల ముందు పడుకోబెట్టుకోవడానికి. ఏడాది దాటి ఇంకొంచెం పెద్దయ్యాక అదే కప్పుకునే దుప్పటి అవుతుంది. బొంత కొంటే ఇంత మెత్తన రాదు, ఎందుకంటే పాత చీరల మెత్తదనం ఏ మిల్లులోనూ తయారు కాదు. అమ్మమ్మది ఒకటి, నాయనమ్మది ఒకటి చీర తీసుకుంటే రెండు వైపులవాళ్లూ సంతోషిస్తారు, అదో లాభం.

ఒక చీరని కోయకుండా 36 అంగుళాలకొక మడత చొప్పున వేసుకుంటూ పోతే ఆరు పొరలు వస్తాయి, 45కి 36 బొంతకి అది చాలు. రెండో చీరతో పైనా కిందా ఒక్కో పొర వేసుకోవచ్చు, అప్పుడు లోపలివి నాలుగుకి తగ్గించండి, లేకపోతే సూది దిగదు. లోపలికి పాత పంచె బాగా పనికొస్తుంది, చెమట పీలుస్తుంది. సిల్కు, సింథటిక్ చీరలు కలపకండి, ఒక్క పొర అయినా సరే. అవి కాటన్‌తో సమానంగా కుంచించుకోవు, ఉతికాక బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది.

మంచం మీద పెట్టి కుట్టకండి, నున్నటి నేల మీద పరవండి. ఒక్కో పొర వేసినప్పుడల్లా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మూలలు లాగి ముడత తీయాలి. అన్నీ వేశాక మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులకీ, ఆ తర్వాత మూలలకీ పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి, తెల్లదారంతో, తర్వాత లాగేయడానికి వీలుగా. అంచు నుంచి మధ్యకి వస్తే ముడతలన్నీ మధ్యలో చిక్కుకుంటాయి. అంచులు నాలుగువైపులా అరంగుళం లోపలికి మడిచి మూసేయండి.

తర్వాత అసలు కుట్టు. నూలు దారం, పొడుగ్గా సన్నగా ఉన్న సూది తీసుకోండి, గోనెసంచులు కుట్టే దబ్బనం వద్దు, అది పాత గుడ్డని చింపేస్తుంది. వరసకీ వరసకీ అంగుళంన్నర దూరం, ఒక్కో కుట్టు పావు అంగుళం. పెద్దవాళ్ల బొంతల్లో కుట్లు పొడుగ్గా వేస్తారు, బిడ్డ బొంతలో అలా వేస్తే కాలివేళ్లు ఆ దారాల్లో ఇరుక్కుంటాయి, అందుకే చిన్నగా వేయాలి. ముడులు పొరల మధ్యకి లాగి దాచేయండి. వరసలు తిన్నగా రాకపోతే పట్టించుకోకండి, ఒక ఉతుకు పడ్డాక గుడ్డంతా సన్నగా ముడతలు తేలి ఆ వంకరలే అందంగా కనిపిస్తాయి. కొన్ని ఊళ్లలో బొంతలు కుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకి ఇచ్చినా మంచిదే, కుట్టు చిన్నగా కావాలని మాత్రం ముందే చెప్పి, కూలి కాస్త ఎక్కువ ఇవ్వండి. పని రెట్టింపు అవుతుంది కదా.

మిషన్ మీద కుట్టేవాళ్లు కుట్టు పొడవు నాలుగుకి పెట్టి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం ఒత్తిడి తగ్గించి, మొదటి వరస మధ్యలో వేసి, అక్కడి నుంచి ఒకసారి కుడికి ఒకసారి ఎడమకి వెళ్లండి. ఒకే వైపు నుంచి వరసగా కుట్టుకుంటూ పోతే పై పొర జరిగి జరిగి చివరికి రెండంగుళాలు మిగిలిపోతుంది. చివర్లో కచ్చా కుట్లు ఒక్కటి కూడా మిగలకుండా లాగేసి, అరచేత్తో మొత్తం తడిమి చూడండి, గుండుసూది ఎక్కడైనా ఉండిపోయిందేమో తెలుస్తుంది. కుట్టడం మొదలెట్టేటప్పుడే గుండుసూదులు లెక్కపెట్టుకుని, అయ్యాక మళ్లీ లెక్కపెడితే ఇంకా నిశ్చింత.

చీర ఉయ్యాల గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి అదీ చెప్పేస్తాను. దానికి కుట్టాల్సిందేమీ లేదు, గట్టి కొక్కెం, బలమైన నూలు చీర ఉంటే చాలు. కానీ గుడ్డ ఒంపులో చిన్నపిల్లల గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డం పడొచ్చు. మీరు పక్కన కూర్చుని ఊపేంతసేపు ఊపండి, నిద్రపోయాక తీసి చదునైన పరుపు మీదికి మార్చండి. బారసాల రోజు పూలు కట్టి, పట్టుగుడ్డ వేసి ముస్తాబు చేసిన ఉయ్యాల కూడా పాటలూ ఫొటోలూ అయ్యేదాకానే, పడుకోబెట్టే ముందు ఆ అలంకారమంతా తీసేయాలి.

దోమతెర కావాలి, మన ఊళ్లలో అది లేకుండా కుదరదు. క్రిబ్ లోపలికి వేలాడేలా కాకుండా, చట్రం బయటి నుంచి బిగుతుగా పట్టేలా, అడుగున ఎలాస్టిక్ వేసి కుట్టండి. బిడ్డ చువ్వలు పట్టుకుని లేచి నిలబడడం మొదలెట్టగానే పైన కప్పిన తెర తీసేయండి, లాగి మీద వేసుకుంటుంది. అప్పటి నుంచి కిటికీలకి మెష్ కొట్టించడమే దారి.

ఉతకడానికి వాసన లేని సబ్బు చాలు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అక్కర్లేదు. కాటన్ పొత్తిగుడ్డలు అది వాడితే నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది. పసుపూ నూనే కలిసిన మరకలు నలుగు పెట్టిన రోజు తప్పవు, సబ్బు రాసి తడిగానే ఎండలో వేస్తే పసుపు మరక చాలావరకు దానంతటదే వెలిసిపోతుంది. బొంత మాత్రం రెండు వైపులా తిరగేస్తూ పూర్తిగా ఆరాకే మడవండి, లోపలి పొరల్లో తడి మిగిలితే ముక్కిపోయిన వాసన వస్తుంది, ముసురు రోజుల్లో ఫ్యాన్ కింద ఒక రాత్రి ఎక్కువ వేసినా నష్టం లేదు.